ఆయన వద్దన్న రికార్డులే

ఫుర్ట్‌వెంగ్లర్ ప్రతిభకు గట్టి సాక్ష్యాలు యుద్ధకాలపు రేడియో టేపుల్లో ఉన్నాయి. చిక్కంతా అక్కడే

అమెరికాకు చెందిన యురేనియా కంపెనీ 1953లో బీథోవెన్ మూడో సింఫనీ 'ఎరోయికా' రికార్డును మార్కెట్లోకి తెచ్చింది. వాయించింది వియన్నా ఫిల్‌హార్మానిక్, 1944 డిసెంబర్‌లో. ఆర్కెస్ట్రా కండక్టర్ విల్‌హెల్మ్ ఫుర్ట్‌వెంగ్లర్. ఆయన అనుమతి ఎవరూ అడగలేదు. పైగా శ్రుతి కాస్త పెరిగిపోయింది. ఒళ్లుమండిన ఆయన దాన్ని ఆపించడానికి కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది నవంబర్ 30న, 68వ ఏట కన్నుమూశారు. ఆ రికార్డు మాత్రం బతికింది. ఆయన అభిమానుల్లో చాలామంది నేటికీ ముందుగా చెప్పే పేర్లలో అదొకటి.

స్టూడియో అంటే ఆయనకు గిట్టేది కాదు. కారణముంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటులో ఒకవైపు పట్టేది నాలుగైదు నిమిషాల సంగీతమే. ఆపాలి, ప్లేటు మార్చాలి, మళ్లీ అందుకోవాలి. మొదటి స్వరం నుంచి చివరిదాకా ఒకే ఊపిరిగా నడిపించడం, వేగాన్ని అప్పటికప్పుడు పెంచుతూ తగ్గిస్తూ పోవడం, శ్రోతలు ఎదురుగా ఉంటేనే రగలడం ఆయన తీరు. సభలో పట్టిన పాత కచేరీ టేపును అపురూపంగా దాచుకునే కర్ణాటక సంగీత రసికులకు ఇది వింతేమీ కాదు.

1940ల మొదట్లో జర్మన్ రేడియోకు మెరుగైన మాగ్నెటోఫోన్ టేపు యంత్రం అందింది. కచేరీని ముక్కలు చేయకుండా పట్టే సాధనమది. అలా ఆయన కళ నాజీ ప్రభుత్వ రేడియో చేతుల్లోనే భద్రమైంది. 1945లో బెర్లిన్‌ను పట్టుకున్న సోవియట్ సేనలు ఆ టేపుల్లో చాలావాటిని మాస్కోకు తరలించాయి. అక్కడ ఎల్పీలుగా వచ్చాయి. అసలు టేపులు బెర్లిన్ చేరడానికి 1991 దాకా పట్టింది. 1939-45 నాటి రేడియో రికార్డింగులను బెర్లిన్ ఫిల్‌హార్మానిక్ తర్వాత స్వయంగా 22 డిస్కుల్లో వెలువరించింది.

వాటిలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది 1942 మార్చిలో బెర్లిన్‌లో వాయించిన తొమ్మిదో సింఫనీ. మొదటి భాగం మధ్యలో భేరీలు పిడుగుల్లా విరుచుకుపడతాయి. మానవ సౌభ్రాత్రాన్ని చాటే చివరి భాగం ఆనందంగా కాక ఉన్మాదంగా పరుగెడుతుంది. అందులో నియంతపై ధిక్కారం వినిపిస్తోందని అభిమానుల వాదన. నమ్మడం కష్టం. నెల తిరక్కుండానే, ఏప్రిల్ 19న, హిట్లర్ పుట్టినరోజు ముందు రాత్రి వేడుకలో ఆయన అదే సింఫనీ నడిపించారు. గోబెల్స్ వచ్చి చేయి కలిపిన దృశ్యం ఫిల్ముకెక్కింది. ఆయన నాజీ పార్టీలో చేరలేదు. కొందరు యూదు సంగీతకారులకు అండగా నిలిచారు. యుద్ధానంతర విచారణలో, 1946 డిసెంబర్‌లో, నిర్దోషిగా బయటపడ్డారు. అయినా భేరీల మోతను బట్టి ఆయన మనసులో ఏముందో తేల్చలేం.

1951 జులై 29 నాటి బైరాయిట్ తొమ్మిదో సింఫనీది మరో కథ. ఈఎంఐ దాన్ని ఆయన మరణానంతరం, 1955లో, ప్రత్యక్ష కచేరీగా విడుదల చేసింది. అర్ధ శతాబ్దం పాటు అదే ప్రమాణం. 2007లో బవేరియన్ రేడియో భాండాగారం నుంచి ఓ టేపు బయటపడింది. చాలాచోట్ల రెంటికీ పొంతన లేదు. 2021లో నాటి స్వీడిష్ రేడియో ప్రసారం అనౌన్సర్ మాటలతో సహా వచ్చింది. ఈఎంఐ రికార్డులో రిహార్సల్ ముక్కలు అతికించారన్న అనుమానం దాంతో బలపడింది. తరాల శ్రోతలు ప్రాణమున్న కచేరీ అని మెచ్చుకున్నదాంట్లో కత్తెర పనితనమూ ఉందన్నమాట!

అలాగని స్టూడియోలో ఏమీ మిగల్లేదనడం అన్యాయం. 1952లో లండన్‌లో చేసిన వాగ్నర్ 'ట్రిస్టన్', 1953లో బెర్లిన్‌లో చేసిన షూమన్ నాలుగో సింఫనీ ఆయన కచేరీలకు ఏమాత్రం తీసిపోవు. స్టూడియోకూ అప్పటికి టేపు వచ్చింది మరి. కొత్తగా వినేవారు షూమన్‌తో మొదలుపెట్టడం మేలు. అరగంట సంగీతం, శుభ్రమైన ధ్వని. 1942 టేపును ఆ తర్వాత, తేదీ చూసుకుని వినాలి.