కారణం దొరికితే జబ్బు లేనట్టేనా?

డిప్రెషన్ ఉందని తేల్చేది తొమ్మిది ప్రశ్నల కాగితమా, డాక్టరా? సిద్దిపేట నుంచి ఒక పరిశీలన

షుగరుకు రక్తపరీక్ష ఉంది. టీబీకి కళ్లె పరీక్ష ఉంది. మరి డిప్రెషన్‌కు ఏముంది? అక్టోబరు 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం సంచికకు సంపాదకులు అప్పగించిన ప్రశ్న ఇది. ఏమీ లేదన్నదే జవాబు. రక్తంలో కనబడదు, స్కానింగ్‌లో తేలదు. లక్షణాలు అడిగి, అవి ఎన్నాళ్లుగా ఉన్నాయో చూసి, ఇంకో జబ్బు కాదని నిశ్చయించుకుని డాక్టరే తేల్చాలి. సిద్దిపేట జిల్లాలో ఈ పని మరీ కష్టం. ఎందుకంటే ఇక్కడ ప్రతి రందికీ ఒక కారణం చేతికందేలా ఉంటుంది. బోరు పడలేదు, పత్తి పోయింది, మిత్తి పెరిగింది, బిడ్డ పెళ్లి మీదికొచ్చింది. ‘అంత అప్పున్నోడికి రంది ఉండదా?’ అని ఊరు అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే, కానీ దాంతోనే ఆరా ఆగిపోతుంది. కారణం దొరికింది కాబట్టి జబ్బు లేదనుకోవడం ఒక పొరపాటు. కాగితం మీద మార్కులు వచ్చాయి కాబట్టి జబ్బు ఉందనుకోవడం దానికి జోడు పొరపాటు. వర్గీకరణ శాస్త్రం సరిగా వాడితే ఈ రెండింటి నుంచీ కాపాడుతుందన్నది ఈ కథనం వాదన.

మన ప్రభుత్వ కాగితాలన్నీ ‘ఎందుకు’ అనే ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో 421 ప్రకారం రైతు ఆత్మహత్యను ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు విచారించి, అప్పుల వల్లే జరిగిందా అన్నది తేల్చాలి. అవునంటే కుటుంబానికి పరిహారం, కాదంటే లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ కూడా మరణాలను కారణాల వారీగా విడగొడుతుంది. అప్పులు ఒక గడి, కుటుంబ సమస్యలు ఒక గడి, అనారోగ్యం ఇంకో గడి, మానసిక జబ్బు అందులో ఒక ఉపగడి. 2015లో తెలంగాణలో రైతులు, వ్యవసాయ కూలీలు కలిపి 1,400 మంది ఆ పట్టికకెక్కారు. అప్పు, ఇంట్లో గొడవ, నెలల తరబడి నిద్రలేమి ముగ్గురు తోబుట్టువుల్లా ఒకే ఇంట్లో ఉన్నా పట్టికలో ఒక్కరికే చోటు. పరిహారం రావాలంటే జబ్బు మాట ఎత్తకపోవడమే మేలని ఏ కుటుంబానికైనా అనిపిస్తే తప్పు వాళ్లది కాదు, పట్టికది. మరణ కారణంతో పనిలేకుండా 5 లక్షలు ఇచ్చే రైతుబీమా 2018లో వచ్చాకే ఆ బిగింపు కొంత సడలింది.

వైద్యుల వర్గీకరణ దారి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11 ప్రకారం పది లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి. వాటిలో మనసు కుంగడమో, దేని మీదా ఆసక్తి లేకపోవడమో ఒకటి తప్పనిసరి. దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు, కనీసం రెండు వారాలు ఉండాలి. పనిపాటలు దెబ్బతిని ఉండాలి. ‘ఎందుకు’ అన్నది ఈ లెక్కలో లేదు. దయలేని పద్ధతిలా కనిపించినా అప్పుల నేల మీద ఈ మౌనమే మేలు చేస్తుంది. అప్పున్న పదిమందిలో అందరూ బాధపడతారు, అందరూ మంచం పట్టరు. తక్కినవాళ్లు పొద్దున లేచి పొలానికి పోతుంటే, తెల్లవారుజామున మూడింటికే మెలకువొచ్చి, ముద్ద సహించక, ‘నేనెందుకూ పనికిరాను’ అనుకుంటూ కూర్చున్న మనిషి ఎవరన్నది కారణాల గడి చెప్పలేదు, లక్షణాల లెక్క చెబుతుంది.

ఇక ఆ తొమ్మిది ప్రశ్నల కాగితం సంగతి. దాని పేరు పీహెచ్‌క్యూ-9. క్రోంకీ, స్పిట్జర్, విలియమ్స్ అనే ముగ్గురు అమెరికన్లు 2001లో దాని పనితీరును ప్రకటించారు. తయారీకి డబ్బు ఇచ్చింది డిప్రెషన్ మందులమ్మే ఫైజర్ కంపెనీ. ఆ సంగతి మనసులో పెట్టుకునే దాన్ని చదవాలి. ఉన్నవి తొమ్మిది వరుసలు: ఆసక్తి, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తనను తాను తక్కువ చేసుకోవడం, ఏకాగ్రత, మాటా నడకా మందగించడం లేదా కుదురులేకపోవడం, చావు ఆలోచనలు. గత రెండు వారాల్లో ఎంత తరచుగా అన్నదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం 27. ఐదు నుంచి స్వల్పం, పది నుంచి మధ్యస్థం, పదిహేను నుంచి ఇంకాస్త ఎక్కువ, ఇరవై నుంచి తీవ్రం. ఐదు నిమిషాల పని, ఖర్చు లేదు. ఆశా కార్యకర్త కూడా అడగవచ్చు. దీని మీద మోజు పుట్టడానికి ఇంతకంటే ఏం కావాలి?

మోజు పక్కనపెట్టి ఒక లెక్క వేద్దాం. పది మార్కుల గీత దగ్గర జబ్బున్న వందమందిలో 88 మందిని ఈ కాగితం పట్టుకుంటుందని, జబ్బులేని వందమందిలో 88 మందిని సరిగ్గా వదిలేస్తుందని మొదటి అధ్యయనం తేల్చింది. వెయ్యిమంది పెద్దలున్న ఊరిని తీసుకోండి. నూటికి ఐదుగురికి జబ్బుందనుకుంటే 50 మంది. అందులో 44 మంది దొరుకుతారు, ఆరుగురు తప్పిపోతారు. జబ్బులేని 950 మందిలో 114 మందికి కూడా పది లేదా అంతకు మించి వస్తాయి. అంటే గీత దాటిన 158 మందిలో నిజంగా జబ్బున్నవాళ్లు 44 మంది, నూటికి 28. తప్పు కాగితానిది కాదు. అది జల్లెడ పట్టడానికి పుట్టింది, తీర్పు చెప్పడానికి కాదు. మార్కులు చూసి మాత్ర రాసేస్తే తప్పు చేసింది రాసినవాళ్లు.

ఇద్దరికి పన్నెండేసి మార్కులు వచ్చాయనుకుందాం. మొదటి మనిషికి నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత వరుసల్లో మూడేసి, దిగులు, ఆసక్తి వరుసల్లో సున్నా. ఐసీడీ-11 లెక్కలో అది డిప్రెషన్ కానే కాదు. ముందు చూడాల్సింది థైరాయిడ్, రక్తహీనత, కల్లు, మందు. రెండో మనిషికి మొదటి రెండు వరుసల్లోనే ఆరు. ఇక్కడ డాక్టరు ఇంకా లోతుగా అడగాలి. మూడో మనిషికి మొత్తం కలిపి నాలుగే, కానీ చావు ఆలోచనల వరుసలో రెండు. మొత్తం చూస్తే ‘ఏమీ లేదు’, ఆ ఒక్క వరుస చూస్తే ఆ రోజే డాక్టరు ముందు కూర్చోబెట్టాల్సిన మనిషి. పేజీ అడుగున మార్కులు లేని ప్రశ్న ఒకటుంది. ఈ ఇబ్బందుల వల్ల పని చేసుకోవడం, ఇల్లు చూసుకోవడం, నలుగురితో మెలగడం ఎంత కష్టమైంది? కూడికలో చేరదు కాబట్టి తొందరలో వదిలేస్తారు. జబ్బుకీ బాధకీ మధ్య గీత గీసేది ఎక్కువగా ఆ ప్రశ్నే.

కాగితం అసలు అడగనివి మూడున్నాయి. మొదటిది హుషారు. ఎప్పుడైనా వారం పాటు నిద్ర లేకున్నా అలసట లేకుండా, మాటల ప్రవాహంతో, చేతికందిన డబ్బంతా ఖర్చుపెట్టిన రోజులున్నాయా? ఉంటే అది హుషారు, దిగులు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు కావచ్చు. బైపోలార్ చాలామందిలో దిగులుగానే మొదలవుతుంది. దాన్ని మామూలు డిప్రెషన్ అనుకుని ఆ మాత్రలొక్కటే ఇస్తే ఉన్మాదం వైపు తిరిగే ప్రమాదం ఉంది. రెండోది మత్తు. 2015లో కల్తీ కల్లు మీద ఆబ్కారీ దాడులు జరిగినప్పుడు ఉమ్మడి మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల వాళ్లు ఆసుపత్రులకు పరుగుతీశారు. కల్లులో కలిపిన ఆల్ప్రజోలామ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ ఉన్నట్టుండి ఆగేసరికి నిద్ర పోయింది, మనసు చెదిరింది. వాళ్లకు ఆ తొమ్మిది ప్రశ్నలు వేస్తే మార్కులు బాగానే పడేవి, పేరు మాత్రం తప్పయ్యేది. మూడోది పోగొట్టుకోవడం. మల్లన్నసాగర్ కింద ఊరు మునిగి గజ్వేల్ దగ్గరి కాలనీకి మారిన మనిషి దిగులు జబ్బు కాకపోవచ్చు. కొత్తచోట ఇమడలేని బాధకు ఐసీడీ-11లో వేరే పేరుంది, అది మామూలుగా ఆరు నెలల్లో తగ్గుతుంది. ఆప్తులు పోయిన దుఃఖానికి కూడా తొందరపడి జబ్బు పేరు పెట్టొద్దని, లక్షణాలు నెలకు మించి ఉన్నాయేమో చూడమని ఐసీడీ-11 చెబుతుంది.

ఈ పేర్ల చరిత్ర గబగబా చెప్పుకుందాం. 1899లో జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ ఉన్మాదాన్నీ కుంగుబాటునూ ఒకే జబ్బుగా కట్టాడు. 1957లో లియోన్‌హార్డ్ రెంటినీ విడదీశాడు, 1966లో ఆంగ్స్ట్, పెరిస్ వేర్వేరుగా బలపరిచారు. ఒకే తరహా రోగులకు న్యూయార్క్‌లో స్కిజోఫ్రినియా, లండన్‌లో మూడ్ జబ్బు అని పేర్లు పెడుతున్నారని 1972లో బయటపడింది. ఇలాంటి గందరగోళం తగ్గించడానికే 1980లో అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పట్టిక డీఎస్ఎం-3 లక్షణాల లెక్క తెచ్చింది. ఐసీడీ-11ను 2019లో ఆమోదించారు, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

పేర్లు ఒక్కచోట
• డిప్రెషన్, ఒక్కసారి వచ్చింది: 6ఏ70. మళ్లీ మళ్లీ వచ్చేది: 6ఏ71.
• డిస్థైమియా: తీవ్రత తక్కువ, కానీ రెండేళ్లకు పైబడి సాగేది. 6ఏ72.
• బైపోలార్ ఒకటో రకం: ఉన్మాద దశ ఒక్కసారి వచ్చినా చాలు. 6ఏ60.
• బైపోలార్ రెండో రకం: తేలికపాటి హుషారు దశ, దానితోపాటు డిప్రెషన్ దశ. 6ఏ61.
• సైక్లోథైమియా: రెండేళ్లకు పైగా చిన్నచిన్న ఎత్తుపల్లాలు. 6ఏ62.

ఇక అభ్యంతరాలు. అప్పు సమస్యను మాత్రతో కప్పిపుచ్చడం కాదా ఇది? గట్టి ప్రశ్నే. గిట్టుబాటు ధర ఇవ్వలేక గోలీ ఇచ్చే ప్రభుత్వం ఎవరికీ వద్దు. డబ్బు అందితే ప్రాణాలు నిలుస్తాయన్నదానికి రుజువుంది. ఇండోనేసియాలో పేద కుటుంబాలకు నగదు బదిలీ చేశాక ఆత్మహత్యలు 18 శాతం తగ్గాయని 2019లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. అయితే అప్పు తీరేదాకా వైద్యం ఆపమనడానికి అది ఆధారం కాదు. గోవాలో డాక్టర్లు కాని స్థానిక సలహాదారులు మాటలతో, రోజువారీ పనుల్లోకి తిరిగి మళ్లించడంతో చికిత్స చేస్తే మూడు నెలల్లో 64 శాతం మంది కోలుకున్నారు. ఆ చికిత్స లేనివాళ్లలో 39 శాతం. 2017లో వచ్చిన లెక్క ఇది. ఆ సలహాదారుల చికిత్సలో గోలీ లేదు. జబ్బు అని గుర్తించడమంటే మందు మింగించడం ఒక్కటే కాదు.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. ఇద్దరు డాక్టర్లు ఒకే రోగిని చూసి ఒకే మాట చెబుతారా? డీఎస్ఎం-5 క్షేత్ర పరీక్షల్లో పెద్ద డిప్రెషన్ విషయంలో డాక్టర్ల ఏకాభిప్రాయం 0.28. కాకతాళీయంగా కలిస్తే సున్నా, పూర్తిగా కలిస్తే ఒకటి అనే కొలమానంలో ఇది నాసిరకం. ఒక అమెరికా అధ్యయనంలోని 3,703 మంది రోగుల లక్షణాలను 2015లో పరిశీలిస్తే 1,030 రకాల కలయికలు తేలాయి. ఒకే పేరు కింద ఇన్ని రూపాలున్నప్పుడు ఆ పేరును శిలాశాసనంలా చూడకూడదు. ఇది వర్గీకరణను పారేయడానికి కారణం కాదు, డాక్టరు ఎక్కువసేపు వినడానికి కారణం. చట్టమూ ఈ జాగ్రత్తే తీసుకుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ జబ్బును ఐసీడీ వంటి గుర్తింపు ఉన్న ప్రమాణాలతోనే తేల్చాలంటుంది. గతంలో చికిత్స తీసుకున్నంత మాత్రాన ఇప్పుడూ జబ్బుందని ముద్ర వేయరాదంటుంది.

కాగితం, డాక్టరు కలిసి పనిచేస్తే ఏమవుతుందో మన పక్కనే చూపించారు. పశ్చిమ గోదావరి గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌తో 5,007 మందిని ప్రశ్నించారు. 238 మందికి లక్షణాలు కనిపించాయి. వాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపి, తర్వాత కూడా వెంటపడ్డారు. వైద్యం అందుకున్నవాళ్లు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. ఇంకా తక్కువే, కానీ జల్లెడ పట్టాక డాక్టరు దాకా దారి వేస్తేనే ఆ మాత్రమైనా వైద్యం అందుతుందని అర్థమవుతుంది. 2018లో మొదలైన సిద్దిపేట ప్రభుత్వ వైద్య కళాశాలతో జిల్లాకు ఆ దారి దగ్గరైంది. మండల ఆరోగ్య కేంద్రం నుంచి అక్కడిదాకా మనిషిని వెంటబెట్టుకెళ్లే ఏర్పాటే ఇప్పుడు అడగాల్సింది.

చదివేవారికి ఒక్క మాట. ఇంట్లో ఎవరైనా రెండు వారాలుగా కుంగిపోయి, పని మానుకుని ఉంటే కారణం తెలుసు కదా అని ఊరుకోకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నిద్ర సంగతి, కల్లు సంగతి, ఎప్పుడో వచ్చి పోయిన అతి హుషారు సంగతి దాచకుండా చెప్పండి. కాగితం మీద మార్కులు చూసి తేల్చేస్తే ‘ఇంకేం అడగరా?’ అని మీరే అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.