కీరదోస చేయని నేరం

2011 మే నెలలో ఉత్తర జర్మనీ ఆసుపత్రులకు నెత్తురు విరేచనాలతో వచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగిపోయారు. ఈ జబ్బు ముదిరి కిడ్నీలు చెడేది మామూలుగా చిన్నపిల్లల్లో. ఈసారి మంచాన పడ్డది ఎక్కువగా పెద్దవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు. జూలై చివర్లో గండం గడిచిందని ప్రకటించేసరికి ఒక్క జర్మనీలోనే దాదాపు 3,800 మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా పోయారు.

మే 26న హాంబర్గ్ ఆరోగ్య అధికారులు కారణం దొరికిందన్నారు. స్పెయిన్ నుంచి వచ్చిన కీరదోసకాయల మీద ఈ.కోలి బ్యాక్టీరియా ఉందట. ఇంకేముంది, కొనే నాథుడు లేక స్పెయిన్ రైతులు కాయల్ని టన్నులకొద్దీ పారబోశారు. వారానికి 20 కోట్ల యూరోల నష్టమని మొత్తుకున్నారు. వారం తిరక్కుండానే హాంబర్గ్ మాట మారింది. కాయల మీద ఉన్నదీ ఈ.కోలియే, విషం తయారుచేసే రకమే, కానీ రోగుల కడుపులో ఉన్నది మాత్రం అది కాదు!

ఈ.కోలి అన్నది ఇంటిపేరు లాంటిది. ఆ పేరుతో మీ పేగుల్లోనూ నా పేగుల్లోనూ కోట్లాది జీవులు ఏ హానీ చేయకుండా బతుకుతున్నాయి. ల్యాబుల్లో ఏళ్ల తరబడి పెంచుతున్న సాధురకం జన్యుక్రమం పొడవు దాదాపు 46 లక్షల అక్షరాలు. నెత్తురు విరేచనాలకు పేరుమోసిన ఓ157 రకానిది దాదాపు 55 లక్షలు. విషం తయారీ జన్యువులు ఆ అదనపు భాగంలోనే ఉంటాయి. కల్చర్ రిపోర్టులో ‘ఈ.కోలి’ అని ఉందంటే, అసలు సంగతి ఇంకా తెలియలేదన్నమాట.

రకం తేల్చే పాత పద్ధతి బ్యాక్టీరియా పైపై గుర్తులు చూడటం. ఒంటిమీద పొరలో ఉండే చక్కెర గొలుసులకు ‘ఓ’ నంబరు, ఈదడానికి వాడే తోకలకు ‘హెచ్’ నంబరు ఇస్తారు. జర్మనీ రోగుల్లో దొరికింది ఓ104:హెచ్4. అప్పటిదాకా చాలా అరుదుగా కనిపించిన రకం. కీరదోస మీద దొరికినదానికి ఈ గుర్తులు లేవు. స్పెయిన్ రైతులు నిర్దోషులని తేల్చడానికి ఆ పాటి తేడా చాలింది.

అయితే ఒకే గుర్తులున్న రెండు నమూనాలు ఒకేచోటి నుంచి వచ్చాయని చెప్పాలంటే డీఎన్‌ఏ దాకా వెళ్లాలి. 1993లో అమెరికాలో సరిగా ఉడకని హ్యాంబర్గర్ల వల్ల నలుగురు పిల్లలు చనిపోయాక, అక్కడి ల్యాబులు ఒక పద్ధతికి అలవాటుపడ్డాయి. రోగి మలం నుంచి పెంచిన బ్యాక్టీరియా డీఎన్‌ఏకి ఒక ఎంజైము కలుపుతారు. ఫలానా అక్షరాల వరస కనబడ్డ చోటల్లా అది తెంచేస్తుంది. ఆ ముక్కల్ని జెల్‌లో పెట్టి, దిశ మార్చి మార్చి గంటల తరబడి కరెంటు పంపిస్తారు. చిన్న ముక్కలు ముందుకుపోతాయి, పెద్దవి వెనకబడతాయి. చివరికి మిగిలేది కొన్ని అడ్డగీతలు. వేర్వేరు ఊళ్ల రోగుల గీతలు సరిగ్గా ఒకే ఎత్తులో పడితే అనుమానం బలపడినట్టే.

2011 నాటికి ఏకంగా అక్షరం అక్షరం చదివే యంత్రాలొచ్చాయి. చైనాలోని బీజీఐ సంస్థ హాంబర్గ్ వైద్యులు పంపిన నమూనాను రోజుల్లో చదివేసి, ఆ పాఠాన్ని అందరికీ తెరిచిపెట్టింది. వేర్వేరు దేశాల శాస్త్రవేత్తలు దానిమీద పడ్డారు. తేలింది ఇదీ: పేగు గోడకు గుంపులుగా అతుక్కునే ఒక పాత రకం, వైరస్ ద్వారా విషం జన్యువును సంపాదించుకుంది. పైగా కొన్ని యాంటీబయాటిక్‌లకు లొంగని జన్యువులూ దాని దగ్గరున్నాయి.

ఇంత చదివినా, అది ఏ తిండిలో వచ్చిందో జన్యుక్రమం చెప్పలేదు. ఆ ముడి విప్పింది హోటల్ బిల్లులు. ఏం తిన్నారని అడిగితే రోగులు టమాటా, కీరదోస అన్నారే తప్ప, అలంకారానికి చల్లిన మొలకలు చాలామందికి గుర్తులేవు. దాంతో పరిశోధకులు ఒక రెస్టారెంటు బిల్లులు, అతిథులు తీసుకున్న ఫొటోలు ముందేసుకుని, ఏ వంటకంలో ఏమేం వేస్తారో వంటవాళ్లనే అడిగారు. జబ్బుపడ్డవాళ్లకు వడ్డించినవాటిలో మొలకలున్నాయి. ఆ దారి దిగువ సాక్సనీలోని ఒక మొలకల క్షేత్రానికి తీసుకెళ్లింది.

జూన్‌లో ఫ్రాన్స్‌లోని బోర్డో దగ్గర ఇంకో గుంపు జబ్బుపడింది. అదే రకం ఈ.కోలి. అక్కడివాళ్లూ మొలకలు తిన్నారు. కానీ జర్మనీ క్షేత్రంతో వాళ్లకు ఏ లావాదేవీ లేదు. రెండుచోట్లకూ ఉమ్మడిగా కనబడింది ఈజిప్టు మెంతులు. మెంతులంటే మనకు పోపులో వేగేవి, ఊరగాయలో వేయించి కొట్టి కలిపేవి. వాళ్లు తిన్నది పచ్చి మొలకలు. గింజ మొలకెత్తడానికి కావలసిన తడీ వెచ్చదనమూ బ్యాక్టీరియాకూ అంతే హితం.

జూలై 5న యూరప్ ఆహార భద్రతా సంస్థ నివేదిక మెంతుల వైపే వేలు చూపింది. ఈజిప్టు ఒప్పుకోలేదు. దాని వాదనకు ఒక ఆధారమూ ఉంది: పరీక్షించిన గింజల మీద ఆ బ్యాక్టీరియా దొరకలేదు. నా మటుకు నాకు, జన్యుక్రమమూ సరుకు రశీదులూ కలిపి చూస్తే మెంతుల కథే నమ్మదగ్గదిగా ఉంది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. తర్వాత పూర్తి జన్యుక్రమాలు పోల్చినప్పుడు, జర్మన్ రోగుల నుంచి తీసుకున్న నమూనాలు దాదాపు ఒకేలా ఉన్నాయి. కొద్దిమంది ఫ్రెంచి రోగుల నమూనాల్లో మాత్రం తేడాలు ఎక్కువ. రెండూ ఒకే గింజల నుంచి వస్తే ఇలా ఎందుకు? జర్మనీలో అంతా ఏవో కొద్దిపాటి బ్యాక్టీరియా సంతానమే అయ్యుండవచ్చని ఒక వివరణ. జర్మన్ క్షేత్రంలో పనివాళ్లకు కూడా ఈ జబ్బు సోకింది కాబట్టి, అక్కడి మొలకలకు అది గింజల నుంచే కాక మనుషుల నుంచి కూడా అంటి ఉండవచ్చు.