తంబురా వినబడుచున్నదా?
(ఇంటి థియేటరును సంగీత శ్రవణమునకు తగినట్లు దిద్దుకొనుట)

సంగీత కచేరీలలో శ్రోతల కన్నులు గాయకునిమీదను, వయొలిన్, మృదంగ విద్వాంసులమీదను నిలుచును. వెనుక కూర్చుండి తంబురా మీటుచున్న వారిని గమనించువారు తక్కువ. అయినను ఆ నాదము ఒక్క నిమిషము ఆగినచో పాటకు కాలి క్రింది నేల కదలినట్లగును. ఇంటిలో సంగీతము వినుటకై మనము అమర్చుకొన్న పరికరములు మంచివో కావో తెలిసికొనుటకు ఇంతకంటె సులభమైన పరీక్ష లేదు. పాట మధ్యలో, మృదంగము మ్రోగుచుండగా, తంబురా వినబడుచున్నదా?

ఈ ప్రశ్న నాది కాదు, మా పెదనాన్నగారిది. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. ఆ తరువాతి సంవత్సరములలో వాల్వు రేడియో ముందు కూర్చుండి పాట వినుట నేర్చిన బాలురలో ఆయనయు ఒకరు. కొంతకాలము క్రిందట ఆయన కుమారుడు ముచ్చటపడి ఒక హోమ్ థియేటరు సెట్టును తెచ్చెను. ఐదు చిన్న స్పీకర్లు, మూలన ఒక పెద్ద పెట్టె. ఆ రాత్రి సినిమాలోని యుద్ధమునకు కిటికీ అద్దములు అదరినవి. మరునాటి ఉదయము పెదనాన్నగారు ఒక కచేరీ పెట్టించుకొని పది నిమిషములు విని, “అంతా బాగానే ఉందిరా, తంబురా ఏదీ?” అనిరి. తరువాత వినుటయే మానివేసిరి. కుమారుడు చిన్నబోయి, ఇంకను పెద్ద సెట్టు కొందునని దాచుకొన్న సొమ్ము తీయబోయెను. ఆ సొమ్ము తీయుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు.

హోమ్ థియేటరు దేనికొరకు పుట్టినదో మొదట గ్రహింపవలెను. దానిని ‘ఐదు పాయింట్ ఒకటి’ అందురు. ఎదుట కుడియెడమల రెండు స్పీకర్లు, నడుమ మాటలకై ఒకటి, ప్రక్కలనో వెనుకనో పరిసరధ్వనులకై రెండు, ఉరుముల వంటి మంద్రధ్వనికై సబ్‌వూఫరు ఒకటి. సినిమాకు ఈ ఏర్పాటు యుక్తమైనదే. కాని మనము వినెడి సంగీతములో మిక్కిలి భాగము రెండు మార్గములలోనే, అనగా స్టీరియోలోనే, ముద్రితమైయున్నది. కుడి యెడమ ధ్వనుల సహాయముతో శబ్దమునకు స్థానము కల్పించు పద్ధతికి ఆంగ్లేయ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లో పేటెంటుకు దరఖాస్తు చేసెను. పాత ఆకాశవాణి ముద్రణలైనచో ఒక్క మార్గములోనివే. ఒకటిగానో రెండుగానో ఉన్న దానిని యంత్రము ఐదు చోట్లకు పంచిపెట్టినచో గాయకుడు ఒకచోట కూర్చుండక గదియంతయు తిరుగుచున్నట్లు తోచును.

ఇక తంబురా సంగతి. విశాఖపట్టణమున బాల్యము గడిపిన సర్ సి. వి. రామన్ కాంతిని గూర్చి చేసిన పరిశోధన అందరికిని తెలిసినదే. అంతకు ముందే ఆయన మన వాద్యములను శ్రద్ధతో పరిశీలించెను. మూలస్వరముతో కలసి పుట్టెడి పై స్వరములను అతిస్వరములందురు. ఏ వాద్యపు ధ్వని ఆ వాద్యముదేయని గుర్తుపట్టించునవి ముఖ్యముగా ఇవియే. మృదంగపు కుడిమూతకు మధ్యనుంచు నల్లని పూత వలన ఆ చర్మపు అతిస్వరములు తంత్రుల స్వరములవలె శ్రుతిబద్ధమగుచున్నవని ఆయన 1920లో ఒక సహచరునితో కలసి ప్రకటించెను. తంబురా, వీణల గుర్రముయొక్క వంపు వలన తంత్రులు దానిని తాకుచు కంపించి, అసాధారణమైన బలము గల అతిస్వరములను పుట్టించునని 1921లో చూపెను. తంబురాలో గుర్రముపై తంత్రి క్రింద నుంచెడి సన్నని దారము చేయు మేలు అదియే. కనుక తంబురా నాదమనగా ఒక్క స్వరము కాదు. క్రిందినుండి మీదివరకు వ్యాపించిన స్వరముల వెలుగు. ఒకటవ శ్రుతిలో పాడు పురుషుని తంబురాలో మంద్ర షడ్జమము సెకనుకు సుమారు 65 కంపనములు, అనగా 65 హెర్ట్జులు. దాని అతిస్వరములు వేల హెర్ట్జుల దాక ప్రాకును. ఈ విస్తారమునంతను సమముగా పలికింపలేని యంత్రము తంబురాను మ్రింగివేయును.

చిన్న పెట్టెల సెట్టులో జరుగునది ఇదియే. మూడంగుళముల స్పీకరు మంద్రధ్వనిని పలుకజాలదు. అందుచే 150 హెర్ట్జులకో అంతకు పైననో క్రింది భాగమంతయు మూలనున్న సబ్‌వూఫరుకు అప్పగింపబడును. అప్పుడు పురుష గాయకుని స్వరములో పై భాగము ఎదుటినుండియు, అడుగు భాగము మూలనుండియు వచ్చును. మృదంగపు తొప్పి ఒకచోట, వలంతల వేరొకచోట మ్రోగును. మూలలోని గుమ్మనెడి శబ్దము పెరిగి, తంబురా దాని క్రింద అణగిపోవును.

దీనికి తొలి చికిత్స సొమ్ముతో పని లేనిది. రిసీవరులో ‘సినిమా’, ‘హాల్’, ‘స్టేడియం’ వంటి కృత్రిమ ఏర్పాట్లుండును. సంగీతము వినునప్పుడు వానిని తీసివేసి, ‘స్టీరియో’ అనునది మాత్రము ఉంచవలెను. తరువాత ఎదుటి రెండు స్పీకర్లను షోకేసు అరలనుండి వెలికి తీయవలెను. అరలోని స్పీకరు కుండలో తల పెట్టి పాడినట్లుండును. వెనుక గోడకు ఒకటి రెండడుగులు ఎడముగా, వినువారి చెవి ఎత్తున, రెండిటి నడుమ ఆరు మొదలు ఎనిమిది అడుగుల దూరముతో నిలుపుడు. మీరు కూర్చుండు చోటునకును ఒక్కొక్క స్పీకరునకును అంతే దూరముండవలెను. మూడును కలసి సమబాహు త్రిభుజమగును. అప్పుడు గాయకుడు రెండిటికి సరిగా నడుమ కూర్చున్నట్లు వినిపించును. అట్లు వినిపింపక, మంద్రధ్వని పలుచబడి, గాత్రము ఎటునుండి వచ్చుచున్నదో తెలియకున్నచో తీగలను పరీక్షింపుడు. ఒక స్పీకరునకు ధన ఋణ తీగలు తారుమారైయుండును. ఎఱ్ఱదానికి ఎఱ్ఱది, నల్లదానికి నల్లది కలిపినంతనే లోపము తీరును. తీగ మంచి రాగిదై తగినంత లావుగలదైన చాలును. ఇంటిలోని పదునైదు, ఇరువదడుగుల దూరమునకు అధిక మూల్యము గల తీగలు అనవసరము.

రెండవ చికిత్స గదికి. మన నేటి ఇండ్లలో నేల పలకరాయి, గోడలు సిమెంటు, పైన స్లాబు. అన్నియు ధ్వనిని తిరుగగొట్టునవే. ఖాళీ గదిలో ఒక్కసారి చప్పట్లు కొట్టిన గణగణమని సాగును. ఈ రోగమునకు శాస్త్రీయముగా మందు కనుగొన్నవాడు హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వాలెస్ సేబిన్. అచటి ఫాగ్ కళా సంగ్రహాలయములోని ఉపన్యాస మందిరములో పలికిన మాట అయిదు సెకండ్లకు పైగా నిలిచి, తరువాతి మాటలతో కలిసిపోవుచుండెడిది. 1895లో దానిని బాగుచేయు పని ఆయనకు అప్పగింపబడెను. ఆయన ప్రక్కనున్న నాటకశాలనుండి కుర్చీల మెత్తలను రాత్రివేళ మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు పరచిన శబ్దమెంత త్వరగా అణగునో గడియారము పట్టుకొని కొలిచెను. ఆ లెక్కల ఆధారముననే 1900లో తెరువబడిన బోస్టన్ సింఫనీ హాలు నిర్మితమైనది.

సేబిన్‌గారి మెత్తలు మన ఇండ్లలోను ఉన్నవి. స్పీకర్లకును మీకును నడుమ నేలమీద దళసరి జంపఖానా పరువుడు. కిటికీలకు మడతలు గల మందపు తెరలు వ్రేలాడదీయుడు. పుస్తకముల అల్మైరాను ప్రక్క గోడకు చేర్చుడు. ఎగుడుదిగుడు పుస్తకములు ధ్వనిని చెదరగొట్టును. ఏ చోట చేర్చవలెననగా, మీరు మీ స్థానమున కూర్చుండి, ఇంకొకరిని గోడ వెంబడి ముఖము చూచుకొను అద్దమును జరుపుచు నడువుమనుడు. అద్దములో స్పీకరు కనబడిన చోటనే ధ్వని గోడకు తగిలి మీ చెవికి వచ్చుచున్నది. అచ్చటనే అల్మైరా గాని తెర గాని ఉండవలెను. కోడిగ్రుడ్ల అట్టలు గోడకు అంటించుట మాత్రము వృథా. అవి పై స్వరములను కొంత పీల్చునేమో గాని మంద్రధ్వనిని ముట్టలేవు. 100 హెర్ట్జుల ధ్వని తరంగము గాలిలో సుమారు పదకొండడుగుల పొడవుండును. దానిని పలుచని అట్ట ఆపజాలదు.

ఆ మంద్రధ్వనికి మందు స్థానము మార్చుటయే. పదునైదడుగుల పొడవు గల గది సుమారు 38 హెర్ట్జుల వద్దను, దాని గుణిజముల వద్దను తానే మ్రోగును. అందువలన మంద్రధ్వని గదిలో కొన్నిచోట్ల పొంగి, కొన్నిచోట్ల ఇంకిపోవును. సబ్‌వూఫరుకు తగిన చోటు కనుగొనుటకు ఒక చిత్రమైన ఉపాయము కలదు. దానిని మీరు కూర్చుండు చోటనే ఉంచి, మృదంగపు తని ఆవర్తనము పెట్టి, మీరు గోడల వెంబడి చెవి నేలకు దగ్గరగా వంచి నడువుడు. తొప్పి దెబ్బలు విడివిడిగా, స్పష్టముగా ఎచట వినబడునో అదియే దానికి తగిన చోటు. మనుమలు నవ్విన నవ్వుదురు గాక! అటుపిమ్మట దాని బిగ్గరను తగ్గింపుడు. సబ్‌వూఫరు ఉన్నదని తెలియకుండ ఉండుటయే దాని మంచితనము. మేడ ఇండ్లలో క్రింది అంతస్తువారి నిద్రకును ఇది మేలు.

ఇంత చేసిన పిమ్మటను తృప్తి లేనిచో అప్పుడు సొమ్ము తీయుడు. అందు అధిక భాగమును ఎదుటి రెండు స్పీకర్లకే వినియోగింపవలెను. తక్కినవి సినిమాకు పాతవే చాలును. అయిదు లేక ఆరంగుళముల వూఫరు, వేరుగా ట్వీటరు గల స్పీకర్ల జత గాత్రమును చీల్చక పలికించును. అప్పుడు సబ్‌వూఫరుకు 80 హెర్ట్జుల క్రింది భాగము మాత్రము అప్పగించిన చాలును. అయితే సెట్టుగా అమ్ముడగు కొన్ని రకములకు వేరు స్పీకర్లు కలుపుటకు వీలుండదు. కలుపుటకు ముందు ఆంప్లిఫయరు ఎన్ని ఓముల స్పీకరును భరింపగలదో దాని పుస్తకములో చూడవలెను. వీలు లేనిచో సినిమా సెట్టును సినిమాకు వదలి, సంగీతమునకు చిన్న స్టీరియో ఆంప్లిఫయరు వేరుగా తెచ్చుకొనుట మేలు.

వాట్ల లెక్కతో మోసపోకూడదు. పెట్టెమీద పి.ఎం.పి.ఓ. అని వేల వాట్లు అచ్చువేయుట మన బజారులకు క్రొత్త కాదు. చూడవలసినది ఆర్.ఎం.ఎస్. అను నిలకడైన శక్తి. ఏబది వాట్లకు బదులు నూరు వాట్లు తెచ్చిన పెరుగునది మూడు డెసిబెల్లు మాత్రమే. ధ్వని రెట్టింపైనట్లు చెవికి తోచవలెనన్న శక్తి సుమారు పదింతలు కావలెను. ఒక వాటుకు 87 డెసిబెల్లు పలుకు స్పీకరుకు బదులు 90 పలుకు స్పీకరును ఎన్నుకొన్నచో ఆంప్లిఫయరును రెట్టింపు చేసినంత ఫలము.

నూతి నీరు ఎట్టిదో చేదలోని నీరును అట్టిదే. మీడియం వేవు ప్రసారములో సుమారు అయిదు వేల హెర్ట్జుల వరకే ధ్వని వచ్చును, ఎఫ్.ఎం.లో పదునైదు వేల వరకు వచ్చును. 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కు సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి, మానవుని చెవి వినగల ఇరువది వేల హెర్ట్జుల దాక భద్రపరచును. ఫోనునుండి బ్లూటూత్ ద్వారా పంపునప్పుడు సామాన్యముగా ధ్వనిలో కొంత విడువబడును. తీగతో కలుపుట సాధ్యమైనప్పుడు అట్లే చేయుట మంచిది.

చివరి మాట చెవులను గూర్చి. 80 డెసిబెల్ల ధ్వనిని వారమునకు నలువది గంటల వరకు వినవచ్చునని, 90 డెసిబెల్లైనచో నాలుగు గంటలకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. యంత్రము చెడిన మరియొకటి కొనవచ్చును; బిగ్గర శబ్దముచే చెడిన చెవి తిరిగి రాదు.

ఒక ఆదివారము మేమందరము కలసి పెదనాన్నగారి గదిని ఇట్లు సరిచేసితిమి. స్పీకర్లు షోకేసునుండి దిగినవి. అటకమీది జంపఖానా నేలకు వచ్చెను. సబ్‌వూఫరు మూల విడిచెను. తరువాతి నెలలో ఆ సెట్టును సినిమాకు వదలి, సంగీతమునకై ఒక చిన్న ఆంప్లిఫయరును, రెండు స్పీకర్లను మాత్రము కొన్నారు. పెద్ద సెట్టుకై తీయబోయిన సొమ్ములో సగమునకు పైగా మిగిలినది. మరల ఆ కచేరీయే పెట్టితిమి. పెదనాన్నగారు కన్నులు మూసికొని కొంతసేపు విని, “వచ్చింది” అనిరి. పల్లవి ముగియువరకు మరి మాటాడలేదు. పిమ్మట ఆయన అడిగినది ఒక్కటే: “ఇక కొంచెం తగ్గించరా, ఇప్పుడంత అక్కర్లేదు.”