కెలిసెరేటా

కెలిసెరేటా అనేది ఆర్థ్రోపోడా (కీళ్ళ కాళ్ళ జంతువులు) వర్గంలోని ఒక ఉపవర్గం. సాలీళ్ళు, తేళ్ళు, నల్లులు, పిడుదులు, రాచపీతలు, సముద్రపు సాలీళ్ళు ఈ ఉపవర్గానికి చెందిన జీవులు. వీటిలో రాచపీతలు, సముద్రపు సాలీళ్ళు మినహా మిగిలిన వాటిని అరాక్నిడా అనే విభాగంలో చేర్చుతారు. వాడుక భాషలో వీటన్నిటినీ "పురుగులు" అనే అంటారు గాని ఇవి కీటకాలు కావు. కీటకాలకు మూడు జతల కాళ్ళు, ఒక జత స్పర్శశృంగాలు (మీసాలు) ఉంటాయి. కెలిసెరేటా జీవులకు స్పర్శశృంగాలు ఉండవు, కాళ్ళు సాధారణంగా నాలుగు జతలు.

ఏలూరు జిల్లాలోని జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతంలోను, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టూ ఉన్న వరి పొలాలలోను ఈ ఉపవర్గపు జీవులు విస్తారంగా కనిపిస్తాయి. వీటిలో కొన్ని పంటను కాపాడేవి, కొన్ని పంటను పాడుచేసేవి, ఒకటి మాత్రం మనిషి ప్రాణానికే ముప్పు తెచ్చేది. ఏది ఏ రకమో తెలియకపోవడం వలన రైతులకు ఖర్చు, కొన్నిసార్లు ప్రాణనష్టం కూడా కలుగుతున్నాయి.

పేరు, పదాల వాడుక

నోటికి ముందు ఉండే మొదటి జత ఉపాంగాలను కెలిసెరాలు అంటారు. ఉపవర్గానికి ఆ పేరు వీటి వల్లనే వచ్చింది. సాలీడులో ఇవి విషపు కోరలుగా, తేలులో చిన్న పటకారులుగా, రక్తం పీల్చే పిడుదులో చర్మాన్ని కోసే కత్తులుగా మారాయి.

తెలుగులో "నల్లి" అనే మాట రెండు వేరు వేరు జీవులకు వాడుతారు. మంచాలలో ఉండి రక్తం పీల్చే నల్లి ఆరు కాళ్ళ కీటకం. వ్యవసాయదారులు ఎర్రనల్లి, తెల్లనల్లి, కంకినల్లి అని పిలిచేవి మాత్రం అరాక్నిడా జీవులు. అలాగే ఈ ఉపవర్గంలోని సముద్రజీవిని గుర్రపు డెక్క ఆకారాన్ని బట్టి పిలవడం చాలా భాషలలో ఉంది. అయితే కొల్లేరు ప్రాంతంలో గుర్రపుడెక్క అంటే నీటిమీద పరచుకునే కలుపు మొక్క. కనుక తెలుగు జంతుశాస్త్ర పుస్తకాలలో ఉన్న "రాచపీత" అనే పేరే ఇక్కడ వాడడమైనది. రాచపీత కూడా నిజానికి పీత కాదు. పీతలు, రొయ్యలు, కొల్లేరు చేపల చెరువులలో చేపలను పీడించే చేపపేను (ఆర్గులస్) క్రస్టేషియా అనే వేరే శాఖకు చెందుతాయి.

శరీర నిర్మాణం

శరీరం రెండు భాగాలుగా ఉంటుంది. ముందు భాగం శిరోవక్షం, వెనుక భాగం ఉదరం. తల, వక్షం కలిసిపోయి ఉండడం వలన కీటకాలలో వలె మూడు భాగాలు కనిపించవు. శిరోవక్షానికి ఆరు జతల ఉపాంగాలు ఉంటాయి. మొదటి జత కెలిసెరాలు, రెండవ జత పెడిపాల్పులు, తరువాత నాలుగు జతల నడిచే కాళ్ళు. తేలులో మనం "డెక్కలు" అనుకొనేవి పెడిపాల్పులే. మగ సాలీడులో ఇవే వీర్యాన్ని ఆడదాని శరీరంలోకి చేరవేసే సాధనాలు. రాచపీతలో పెడిపాల్పులు కూడా కాళ్ళ వలెనే ఉపయోగపడతాయి.

కెలిసెరేటా జీవులకు నమిలే దవడలు లేవు. సాలీడు తన జీర్ణరసాన్ని ఎరమీదికి వదలి, ఆహారాన్ని శరీరం బయటనే ద్రవంగా మార్చి, ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. గూటి కింద రాలిపడే పురుగుల డొల్లలు అలా పీల్చివేయగా మిగిలినవే.

శ్వాసావయవాలు జీవిని బట్టి మారుతాయి. రాచపీతలో పుస్తకపు పుటల వలె పేర్చిన మొప్పలు ఉదరం కింద ఉంటాయి. తేళ్ళలోను, అనేక సాలీళ్ళలోను ఇదే తరహాలో శరీరం లోపలికి చేరిన పుస్తకాకార ఊపిరితిత్తులు ఉంటాయి. చిన్న జీవులలో వాయునాళాలు ఈ పని చేస్తాయి. బాగా చిన్నవైన కొన్ని నల్లులు చర్మం ద్వారానే శ్వాసిస్తాయి.

సాలీళ్ళు, తేళ్ళు, రాచపీతల రక్తంలో ప్రాణవాయువును మోసేది ఇనుము గల హీమోగ్లోబిన్ కాదు, రాగి గల హీమోసయనిన్. అందుచేత గాలి తగిలిన రక్తం నీలిరంగుగా కనిపిస్తుంది. సాలీడు కాలిలోని ముఖ్యమైన కీళ్ళకు కాలిని చాచే కండరాలు లేవు. ముడిచే కండరాలు మాత్రమే ఉన్నాయి. రక్తపు ఒత్తిడితో కాలు చాచబడుతుంది. చనిపోయిన సాలీడు కాళ్ళన్నీ లోపలికి ముడుచుకొని పడి ఉండడానికి కారణం ఆ ఒత్తిడి ఆగిపోవడమే.

బాహ్య అస్థిపంజరం సాగదు కనుక పెరుగుదల సమయంలో ఇవి పాత చర్మాన్ని విడుస్తాయి. దీనిని నిర్మోచనం అంటారు. ఇళ్ళ మూలల్లో కనిపించే "చచ్చిన సాలీళ్ళు" చాలావరకు ఇలా విడిచిన చర్మాలే.

సాలీళ్ళు

ప్రపంచంలో ఇంతవరకు 50 వేలకు పైగా సాలీడు జాతులను గుర్తించారు. ఉదరం చివర ఉన్న తంతు అవయవాల నుండి పట్టుదారం తీయడం వీటి ప్రత్యేకత. బట్ట నేసే సాలెవారి పేరుతోనే తెలుగువారు దీనిని సాలెపురుగు అన్నారు. శ్రీకాళహస్తి పేరులోని "శ్రీ" సాలీడే అని స్థలపురాణం చెబుతుంది. అయితే అన్ని సాలీళ్ళూ గూడు అల్లవు. తోడేలు సాలీళ్ళు, దూకుడు సాలీళ్ళు వేటాడి తింటాయి.

గోదావరి డెల్టాలో వరి పండించే రైతుకు సాలీడు పెద్ద సహాయకారి. వరికి దోమపోటు తెచ్చే సుడిదోమలు దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తాయి. అదే చోట నీటిమీద పరుగెత్తుతూ వేటాడే తోడేలు సాలీడు (పార్డోసా సూడోఆన్యులేటా) ఒక్కటి రోజుకు 5 నుండి 15 దాకా దోమలను తింటుందని వరి పరిశోధకులు చెబుతారు. టెట్రాగ్నాథా అనే పొడవు దవడల సాలీడు పగలు ఆకుకు సమాంతరంగా కాళ్ళు చాచి అంటుకొని ఉంటుంది కాబట్టి చాలామందికి కనబడనే కనబడదు.

పైరు తొలిదశలో ఆకులు చుట్టుకున్నాయని సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొట్టితే సాలీళ్ళు ముందు చనిపోతాయి. సుడిదోమ గుడ్లు మాత్రం ఆకు తొడిమ కణజాలం లోపల భద్రంగా ఉంటాయి. అవి పొదిగే నాటికి తినే జీవి పొలంలో ఉండదు. మందు కొట్టిన తరువాతనే దోమ ఎక్కువైందని రైతు అనడం అబద్ధం కాదు, దానికి కారణం ఇదే. దుబ్బులను తట్టి చూసి దోమలతో పాటు సాలీళ్ళను కూడా లెక్కపెట్టి, ఆపైన మందు సంగతి నిర్ణయించుకోవాలని సస్యరక్షణ నిపుణులు చెప్పేది అందుకే.

ఆంధ్రప్రదేశ్‌కే ప్రత్యేకమైన సాలీడు ఒకటి ఉంది. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నీలిరంగు సాలీడుకు పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. గుత్తిలో అడవి లేదు. అది కలపతోపాటు రైలులో వచ్చి ఉండవచ్చు. నూరేళ్ళకు పైగా మళ్ళీ కనిపించని ఈ జాతిని 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవులలో గుర్తించారు. ఇది పాత చెట్ల తొర్రలలో నివసిస్తుంది. దీని ఆవాసం 100 చదరపు కిలోమీటర్ల లోపే ఉంటుందని అంచనా. కలప కోత, విదేశాలలో పెంపుడు జంతువుగా అమ్మకం దీనికి ప్రధాన ప్రమాదాలు. 2008లో ఐయుసిఎన్ దీనిని తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. 2019లో పోసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం (సైటిస్) రెండవ అనుబంధంలో చేర్చారు.

తేళ్ళు

తేలు శరీరం చివర ఐదు కణుపుల తోక, దాని కొసన విషగ్రంథి గల కొండి ఉంటాయి. కడుపు కింద దువ్వెన ఆకారంలో ఉన్న రెండు అవయవాలతో అది నేలను తడిమి వాసన, స్పర్శ తెలుసుకొంటుంది. అతినీలలోహిత కాంతిలో తేలు పచ్చగా మెరుస్తుంది. రాత్రిపూట తేళ్ళను లెక్కించేవారు ఆ దీపాలనే వాడుతారు.

తేలు గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. పిల్లలు మొదటి నిర్మోచనం అయ్యేవరకు తల్లి వీపుమీద ఉంటాయి. పిల్లలు తల్లిని తినేస్తాయని, వీపు చీల్చుకొని పుడతాయని ఊళ్ళలో చెప్పుకొనే మాట నిజం కాదు. తల్లిని తినే పిల్లలు ఈ ఉపవర్గంలో ఉన్న మాట మాత్రం నిజమే, అయితే అవి తేళ్ళు కావు. స్టెగోడిఫస్ సారాసినోరమ్ అనే సంఘజీవి సాలీడు ముళ్ళపొదలమీద వందల సంఖ్యలో ఒకే గూటిలో నివసిస్తుంది. దాని పిల్లలు చివరకు తల్లినే ఆహారంగా తీసుకుంటాయి. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర ఈ సాలీళ్ళ మీద పరిశోధనలు జరిగాయి.

నల్లగా, పెద్దగా, లావు డెక్కలతో ఉండే మండ్రగబ్బను చూసి జనం ఎక్కువగా భయపడతారు. అది కుట్టితే నొప్పి పుడుతుంది గాని ప్రాణం పోవడం అరుదు. నిజంగా ప్రమాదకరమైనది దానికంటే చిన్నదైన ఎర్రతేలు (హోటెంటోటా టమ్యులస్). డెక్కలు సన్నగా, తోక లావుగా ఉన్న తేలుకు సాధారణంగా విషం ఎక్కువ. బలమైన డెక్కలు ఉన్నది ఎరను డెక్కలతోనే చంపగలదు.

ఎర్రతేలు విషం నరాలను ఉద్రేకింపజేసి గుండెమీద, ఊపిరితిత్తులమీద దెబ్బతీస్తుంది. ముఖ్యంగా పిల్లలలో కుట్టిన కొద్ది గంటలలో వాంతులు, ధారగా చెమటలు, చేతులు కాళ్ళు చల్లబడడం, ఆయాసం, నురగతో దగ్గు కనిపిస్తాయి. కుట్టిన చోట నొప్పి తీవ్రంగా ఉందా లేదా అన్నది ప్రమాదానికి కొలత కాదు. చెమట, చల్లదనం అసలైన హెచ్చరికలు. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న పట్టణంలో పనిచేసిన వైద్యుడు హిమ్మత్‌రావు బావస్కర్ ఈ లక్షణాలను 1982లో లాన్సెట్ పత్రికలో వివరించాడు. ఆ తరువాత రక్తపోటుకు వాడే చవకైన ప్రజోసిన్ మాత్రను ఈ రోగులకు వాడి చూశాడు. అంతకుముందు తీవ్రమైన కేసులలో 40 శాతం దాకా ఉన్న మరణాలు సుమారు 1 శాతానికి తగ్గాయి. తేలు విషానికి విరుగుడు మందును ప్రజోసిన్‌తో కలిపి ఇస్తే కోలుకోవడం ఇంకా త్వరగా జరుగుతుందని ఆయన, ఆయన సహచరులు 2011లో నిరూపించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

తేలు మంత్రం వేయించుకొని బాగుపడ్డవారు చాలామంది ఉండడానికి కారణం, ఎక్కువ తేళ్ళ విషం దానంతట అదే తగ్గిపోవడం. ఎర్రతేలు విషయంలో ఆ ఒకటి రెండు గంటలే కీలకం. కుట్టిన చోట కోయడం, గట్టిగా కట్టడం పనికిరాదు. కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

నల్లులు, పిడుదులు

ఈ క్రమాలు సంఖ్యలో సాలీళ్ళకు తీసిపోవు. పరిమాణం వలన మాత్రమే ఇవి మన దృష్టికి రావు. అందరికీ తెలిసినది ఆరుద్ర పురుగు. జూన్ చివరలో ఆరుద్ర కార్తెలో తొలి వానలు పడగానే ఎర్రని మఖమలు ముక్క వలె నేలమీద కనిపించే ఈ జీవిని చూసి మెట్ట రైతులు విత్తనాలకు అదను వచ్చిందనుకుంటారు. దీని పిల్ల దశ ఇతర పురుగుల మీద పరాన్నజీవిగా బ్రతుకుతుంది.

దీని దగ్గరి బంధువులైన చిగ్గర్ నల్లులు మనుషులకు స్క్రబ్ టైఫస్ జ్వరం తెస్తాయి. వాటిలోనూ పిల్ల దశ మాత్రమే కుడుతుంది. పొదలలో, గడ్డిలో పనిచేసినవారికి విడవని జ్వరం, ఒంటిమీద ఎక్కడో ఒకచోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లటి మచ్చ ఉంటే దీనిని అనుమానించాలి. మచ్చ అందరికీ కనిపించదు. డాక్సీసైక్లిన్ మందుతో త్వరగా తగ్గుతుంది, ఆలస్యం చేస్తే ప్రాణాపాయం.

పంటలలో మిరపకు తెల్లనల్లి, వరికి కంకినల్లి, కొబ్బరికి ఎరియోఫిడ్ నల్లి ముఖ్యమైనవి. మిరప ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి అని గుర్తు పెట్టుకోవచ్చు. తామర పురుగు కీటకం. కీటకాలను చంపే మందులలో చాలా వాటికి నల్లి చావదు, పైగా నల్లిని తినే జీవులు చస్తాయి. ముడతను సరిగా చూడకుండా డబ్బు పోయడం మిరప రైతుకు సామాన్యంగా జరిగే నష్టం.

కొబ్బరి నల్లిని భారతదేశంలో మొదట 1998లో కేరళలో గుర్తించారు. కొద్ది సంవత్సరాలలోనే అది గోదావరి జిల్లాల తోటలకు చేరింది. కాయ ముచ్చిక కింద లేత భాగంలో చేరి రసం పీలుస్తుంది. మొదట తెల్లని త్రికోణపు మచ్చ, తరువాత గోధుమరంగు పగుళ్ళు ఏర్పడి కాయ చిన్నదవుతుంది. ఈ నల్లి పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు. నాలుగు జతల కాళ్ళ సూత్రానికి ఇది మినహాయింపు, దీనికి రెండు జతలే ఉంటాయి. ముచ్చిక కింద దాక్కొనే జీవికి పిచికారీ అందదు కనుక వేపమందును వేరు ద్వారా ఎక్కించే పద్ధతి వాడుకలోకి వచ్చింది.

మనిషి కావాలని తెచ్చుకున్న నల్లి కూడా ఉంది. గుర్రపుడెక్క ఆకులో సొరంగాలు తొలిచే ఆర్థోగలమ్నా అనే నల్లిని ఆ మొక్కను అదుపు చేయడానికి 1980లలో భారతదేశానికి దిగుమతి చేసి విడుదల చేశారు.

పిడుదులు (గోమార్లు) పశువుల రక్తం పీలుస్తూ థైలీరియా, బబీసియా అనే రక్త పరాన్నజీవులను ఎక్కిస్తాయి. బబీసియా సోకిన పశువు ఎర్రగా మూత్రం పోస్తుంది. పశువుల జ్వరం పిడుదుల ద్వారా వ్యాపిస్తుందని 1893లో అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ నిరూపించారు. దోమల ద్వారా మలేరియా వస్తుందని రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో 1897లో కనుగొనడానికి నాలుగేళ్ళు ముందు జరిగిన సంగతి ఇది.

రాచపీతలు

ఇవి ఉప్పునీటి జీవులు, మంచినీటి సరస్సయిన కొల్లేరులో ఉండవు. ప్రపంచంలో నాలుగే జాతులు మిగిలాయి. వాటిలో రెండు భారతదేశపు తూర్పు తీరంలో ఉన్నాయి. టాకీప్లియస్ గైగాస్ ఒడిశాలోని బాలేశ్వర్ తీరంలో పున్నమి, అమావాస్య పోటులకు ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడుతుంది. కార్సినోస్కార్పియస్ రొటండికాడా సుందరవనాల మడ అడవులలో ఉంటుంది. ఈ వంశపు శిలాజాలు సుమారు 44 కోట్ల సంవత్సరాల నాటివి దొరికాయి.

రాచపీత రక్తంలోని కణాలు బాక్టీరియా విషం ఏమాత్రం తగిలినా గడ్డకడతాయి. 1956లో ఫ్రెడరిక్ బాంగ్ గమనించిన ఈ గుణం ఆధారంగా ఇంజెక్షన్లు, టీకాల శుద్ధతను పరీక్షించే విధానం రూపొందింది. అందుకోసం అమెరికా తీరంలో ఏటా లక్షల రాచపీతలను పట్టి రక్తం తీసి వదలుతారు, వాటిలో కొంత భాగం చనిపోతుంది. సింగపూర్ శాస్త్రజ్ఞులు అదే పని చేసే ప్రొటీనును ప్రయోగశాలలో తయారుచేశారు. 2021 నుండి యూరోపియన్ ఫార్మకోపియా దానితో చేసే పరీక్షను అంగీకరిస్తున్నది.

రాచపీతలు అరాక్నిడాకు వెలుపలి బంధువులని చాలాకాలం భావించారు. 2019లో వెలువడిన ఒక జన్యు విశ్లేషణ వాటిని అరాక్నిడా లోపలనే, నేలమీది సాలీళ్ళ, తేళ్ళ మధ్యనే ఉంచింది. ఈ విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం ఇంకా కుదరలేదు.