జాగిలమును పరుగునకు విడుచు వేళ

గత చలికాలమున మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు బడి విడిచిన పిమ్మట మా యొద్దకు వచ్చి, "సారూ, మా ముధోళ్ కుక్కపిల్లకు ఏడు నెలలు నిండినవి. తల యెత్తినచో నా నడుమునకు వచ్చుచున్నది. ఇక దానిని చెవులపిల్లి వెంట విడువవచ్చునా?" అని యడిగెను. ఆ ప్రశ్నలో రెండు ప్రశ్న లున్నవి. రెంటికిని మేము చెప్పిన సమాధానము తక్కిన బాలబాలికలకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము.

మొదటిది వేటను గూర్చినది. మన బీదరు ప్రాంతపు బీళ్ళలో తిరుగు కృష్ణజింకను గాని, చేలలోని చెవులపిల్లిని గాని కుక్కలచే వేటాడించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. కావున నేడు జాగిలము సిద్ధమైనదా యని యడుగుట, అది నిండు వేగముతో పరుగెత్తుటకు సిద్ధమైనదా యని యడుగుటయే. త్రాటికి గుడ్డపీలిక కట్టి ముందు లాగినను, పందెములో విడిచినను, దాని దేహముపై పడు భారము వేటలో పడునంతటిదే.

ఈ విద్య మన నేలకు క్రొత్త కాదు. మన జిల్లాలోని బసవకల్యాణము ఒకప్పుడు చాళుక్యుల రాజధాని. అచ్చటనుండి యేలిన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమను సంస్కృత గ్రంథమున రాజుల వినోదములలో మృగయా వినోదముతో పాటు సారమేయ వినోదమునకును స్థాన మున్నది. సారమేయమనగా కుక్క. తరువాతి కాలమున నేటి బాగలకోటె జిల్లాలోని ముధోళ్ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే ఈ జాతిని శ్రద్ధతో పెంచి ప్రసిద్ధికి తెచ్చెను. 2005లో భారత తపాలాశాఖ ముధోళ్ జాగిలము బొమ్మతో బిళ్ళను వెలువరించినది. మన బీదరు కేంద్రముగా నున్న పశువైద్య విశ్వవిద్యాలయము వారు ముధోళ్ చెంత తిమ్మాపురమున ఈ జాతికై పరిశోధన కేంద్రమును నడుపుచున్నారు. అచ్చటి పిల్లలు కొన్ని 2016లో సైన్యపు శిక్షణకై మీరటునకు వెళ్ళినవి.

ఇక రెండవ ప్రశ్న. సామాన్యముగా కుక్క వాసన పట్టి పోవును. ఈ జాగిలము చూపు పట్టి పోవును. దూరమున ఏది కదలినను దాని కన్ను అచ్చట నిలుచును. కన్ను నిలిచిన క్షణముననే కాలు లేచును. లోతైన రొమ్ము, సన్నని నడుము, విల్లువలె వంగు వెన్ను దీని లక్షణములు. నిండు వేగమున ఒక్కొక్క దూకులో రెండుమార్లు, దేహము ముడుచుకొన్నప్పు డొకమారును, చాచుకొన్నప్పు డొకమారును, నాలుగు కాళ్ళును నేలను విడుచును. మరల నేలను తాకునప్పుడు దేహభార మంతయు కొంతసేపు ముంగాళ్ళపై పడును.

ఈ తరుము బుద్ధి పిల్లకు మూడు నాలుగు నెలలకే పుట్టును. ఎండుటాకు కదలినను వెంటబడును. ఏడవ నెలకు పాలపండ్లు పోయి 42 స్థిరదంతములు వచ్చును. ఎత్తును చాలవరకు వచ్చును. చూచువారికి అది పెద్ద కుక్కయే. కాని కాలి యెముకల కొనల చెంత మెత్తని మృదులాస్థి పొర యొకటి యుండును. ఎముక పొడుగు పెరుగునది అచ్చటనే. ఆ పొర గట్టిపడి యెముకలో కలియుటకు ఇంత దేహము గల కుక్కలలో సుమారు 10 నుండి 14 నెలలు పట్టును. అంతకుముందు అచ్చట గట్టి దెబ్బ తగిలినచో పెరుగుదల ఒకప్రక్క నిలిచి, కాలు వంకర తిరుగవచ్చును. కోరిక ముందు వచ్చును, ఎముక వెనుక వచ్చును. ఈ రెంటి నడిమి కాలమును కాచుకొనుటయే పెంచువాని పని.

అట్లని పిల్లను కట్టివేయరాదు. తనంతట తాను మెత్తని నేలపై ఆడుకొని అలసినప్పుడు పండుకొనుట దానికి మేలు. గుంజి పరుగెత్తించుట, మోటారు సైకిలు వెంట ఉరికించుట, గట్టు దూకించుట మాత్రము కూడదు. ఏడాది నిండిన పిదప పశువైద్యునికి చూపి, ఈ గుర్తులు పరీక్షింపవలెను. పిలిచినంతనే తిరిగి వచ్చుచున్నదా? మేకలను, కోళ్ళను చూచి నిలువగలుగుచున్నదా? కొద్ది దూరము పరుగెత్తి నిలిచిన పిమ్మట రొప్పు త్వరగా తగ్గుచున్నదా? మరునాటి యుదయము కుంటక లేచుచున్నదా? నాల్గింటికిని అవునని చెప్పగలిగినప్పుడే దూరమును వారవారము కొంచెము కొంచెముగా పెంచవలెను. పరుగు తెల్లవారుజాముననే జరుగవలెను. కుక్కకు అరికాళ్ళలో తప్ప చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే దానికి చల్లదనము. ఎండలో తరిమించినచో వడదెబ్బకు ప్రాణమే పోవచ్చును. కడుపునిండ తినిపించి వెంటనే పరుగెత్తించుటయు ప్రమాదమే; లోతైన రొమ్ము గల కుక్కలలో కడుపు ఉబ్బి మెలిపడు భయ మున్నది.

ఇదంతయు చెప్పి, మరి యైదు నెలలు ఆగుమని యా బాలుని పంపితిమి. అతడు ఆగెను గాని యింటివారు ఆగలేదు. సంక్రాంతికి వచ్చిన చుట్టముల యెదుట పిల్ల వేగము చూపవలెనని, కంది కోసిన చేనిలో పెద్ద కుక్కలతో దానిని విడిచిరి. మోళ్ళ నడుమ, మొరపరాళ్ళపై అది అందరికంటె ముందు పోయినది. తిరిగి మూడు కాళ్ళపై వచ్చినది. ముంగాలి కొనయందలి పెరుగు పొరకే దెబ్బ తగిలినదని పశువైద్యుడు చెప్పెను. ఇప్పుడది నడచుచున్నది, ఇల్లు కాచుచున్నది. కాని కుడి ముంగాలు కొంచెము బయటికి తిరిగినది. ఇక పరుగునకు పనికిరాదు.

ఆ బాలుడు మొన్న మరల వచ్చి, "తప్పు కుక్కది కాదు గదా సారూ" అనెను. కాదని చెప్పితిమి. విడిచినచో పరుగెత్తుట దాని గుణము. ఎప్పుడు విడువవలెనో తెలిసికొనుట మన వంతు. పిల్లల యెత్తును చూచి వారి బలమును లెక్కగట్టు తలిదండ్రులు మనలోను కొంద రున్నారు. వారికి ఈ మూగజీవి వంకర కాలే చాలినంత చెప్పును.