క్వినైన్‌ని కాపీ కొట్టడం ఎందుకంత కష్టం?

మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే దోమ కడుపులో చూశాడని అందరికీ తెలుసు. కానీ మందు అంతకు చాలా ముందే ఉంది: ఆండీస్ కొండల్లో పెరిగే సింకోనా చెట్టు బెరడు. అందులో పనిచేసే క్వినైన్‌ని 1820లో పెల్టియే, కావెంతూ అనే ఫ్రెంచి కెమిస్టులు విడదీశారు. ఇది ఆల్కలాయిడ్, అంటే మొక్కలు తయారుచేసే, నైట్రోజన్ ఉన్న పదార్థం. మహా చేదు.

చెట్టుతో పనిలేకుండా దీన్ని ల్యాబ్‌లో చేసేద్దామని 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు (నాకన్నా ఏడాది చిన్న!) ఇంట్లోనే మొదలుపెట్టాడు. అప్పటికి క్వినైన్‌లో ఏ పరమాణువులు ఎన్ని ఉన్నాయో తెలుసు గానీ, ఎలా అతుక్కున్నాయో తెలీదు. లెక్క సరిపోతే చాలనుకున్నాడు. మన సీఎస్‌ఈ భాషలో అయితే, ఒక ప్రోగ్రాంలో ఏ అక్షరం ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి, వాటిని ఏదో వరసలో టైప్ చేసి, రన్ అవుతుందని కూర్చోవడం! క్వినైన్ రాలేదు. అనిలీన్‌తో మళ్లీ ప్రయత్నిస్తే ఊదారంగు డై వచ్చింది, దాంతో ఫ్యాక్టరీ పెట్టి బాగుపడ్డాడు.

నిర్మాణం తెలిశాక కూడా పని తేలిక కాలేదు. క్వినైన్‌లో నాలుగు కార్బన్లు ఒక్కొక్కటీ కుడిచెయ్యి, ఎడమచెయ్యిలాగా రెండు రకాలుగా ఉండొచ్చు. రెండుని నాలుగుసార్లు గుణిస్తే 16. కావాల్సింది ఒక్కటే. అవే పరమాణువులు ఇంకోలా అమరితే క్వినిడిన్, దాన్ని గుండె లయ తప్పినప్పుడు ఇచ్చేవారు. ఈ అమరికని మొదటినుంచీ అదుపులో పెట్టి క్వినైన్ చేసింది 2001లో, గిల్బర్ట్ స్టార్క్ బృందం. అద్భుతమైన పనే, కానీ అన్ని మెట్లెక్కడం కన్నా బెరడు నుంచి తీయడమే చవక.

మలేరియాకి ఫ్యాక్టరీ మందు వచ్చింది వేరే దారిలో. క్వినైన్‌లో క్వినోలిన్ అని రెండు వలయాల జంట ఉంటుంది. జర్మనీలో బేయర్ కెమిస్టులు ఆ వలయాలకి నైట్రోజన్ ఉన్న ఒక తోక తగిలించి చూశారు. తోక ఐడియా మిథిలీన్ బ్లూ అనే డై మీద ప్రయోగాల నుంచి వచ్చింది, మళ్లీ రంగే చూడండి! అలా 1934లో హాన్స్ ఆండర్సాగ్ చేసిందే క్లోరోక్విన్. ఇందులో కుడి ఎడమల గొడవ ఉన్న కార్బన్ ఒక్కటే, రెండు రకాలూ కలిపే మాత్ర చేస్తారు. మొదట విషం ఎక్కువని దాదాపు పదేళ్లు పక్కన పడేశారు.

పరాన్నజీవి మన హిమోగ్లోబిన్ తిన్నప్పుడు మిగిలే హీమ్ దానికే విషం. అందుకే దాన్ని స్ఫటికాలుగా మార్చి దాచుకుంటుంది. క్లోరోక్విన్ ఆ పని జరగనివ్వదు. 1950ల చివరికి థాయ్‌లాండ్-కంబోడియా సరిహద్దులో, కొలంబియాలో ఫాల్సిపారం రకం దీన్ని తట్టుకోవడం మొదలుపెట్టింది: ఒక ప్రోటీన్ మారిపోయి మందుని బయటికి తోసేస్తోంది. వైవాక్స్ రకానికి మాత్రం మన దేశంలో ఇప్పటికీ ఇదే ఇస్తారు. పోయినేడు నా రూమ్‌మేట్ మూడు రోజులు మింగింది ఈ మాత్రే.