మెరిసే మట్టిచట్టిలో పులుసు పెడుతున్నారా?

మట్టిపాత్రలు మళ్ళీ మన వంటిళ్ళలోకి వచ్చాయి. స్టీలు గిన్నెల ధాటికి పెరట్లోకి పోయిన కుండ ఇప్పుడు గ్యాసు పొయ్యి ఎక్కి కూర్చుంది. సంతోషమే. కాని అది వచ్చిన దారి వేరు. మీ అమ్మమ్మ కుమ్మరి ఇంటి ముందు నిలబడి, కుండని వేలి కణుపుతో కొట్టి, ఖంగుమంటేనే డబ్బులిచ్చేది. మీరు ఫోనులో బొమ్మ చూసి, మూడో నాటికి అట్టపెట్టెలో తెప్పించుకుంటున్నారు. బొమ్మని కొట్టి చూడలేరు కదా!

ఆ బొమ్మ కింద రాసేవి చూశారా? ఇందులో వండితే షుగరు తగ్గుతుందట, పులుపు విరిగిపోతుందట, గుండెకి బలమట. మట్టిపాత్రలో వండినంత మాత్రాన ఏ జబ్బయినా నయమవుతుందనడానికి నిరూపణ లేదు. నీళ్ళకుండ చల్లదనం మాత్రం నిజం. సన్నని రంధ్రాల గుండా నీరు పైకి ఊరి, ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. రుచి సంగతి మీ నాలుకకే వదిలేస్తాను.

అసలు జాగ్రత్త పడవలసింది మెరుపు దగ్గర. సారె మీద చేసి, ఆవంలో కాల్చిన మామూలు కుండకి గాజులాంటి మెరుపు ఉండదు. అద్దంలా తళతళలాడుతోందంటే దాని మీద గాజుపూత వేశారన్నమాట. దాన్నే గ్లేజు అంటారు. గాజుకి మూలం ఇసుక. ఇసుక ఒంటరిగా కరగాలంటే 1,700 డిగ్రీల వేడి కావాలి. మట్టిపాత్రలు కాల్చేది మహా అయితే వెయ్యి డిగ్రీల దగ్గర. అంత తక్కువ వేడిలో పూత కరగడానికి పూర్వం నుంచీ చాలా దేశాల్లో సీసం కలుపుతూ వచ్చారు. రంగు నిగనిగలాడుతుంది, ఖర్చూ తక్కువ. ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లో కాడ్మియం ఉండటమూ కద్దు.

పూత సరిగా కుదరకపోతే ఆ సీసం ఆహారంలోకి దిగుతుంది. పులుపు తగిలితే మరీ ఎక్కువ. చింతపండు, నిమ్మరసం, టమాటా, పెరుగు - మన వంటలో ఇవి లేని రోజేది? చేపల పులుసు పెట్టి, మర్నాటికి రుచి ఎక్కుతుందని రాత్రంతా అందులోనే ఉంచితే, రుచితో పాటు సీసమూ ఎక్కుతుంది. ఆవకాయ జాడీ గురించి కంగారుపడకండి. అసలైన పింగాణీ జాడీని 1,200 డిగ్రీల పైన కాలుస్తారు, ఆ వేడిలో కరిగే పూతకి సీసంతో పని లేదు. జాడీలా కనిపించే రంగుల మట్టిడబ్బా వేరు సుమా!

హాని లేదని చెప్పగలిగే సీసం మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దవాళ్ళ కంటే పసిపిల్లల పేగులు దాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. అది ఎముకల్లో ఏళ్ళ తరబడి నిలవ ఉండి, తల్లి కడుపుతో ఉన్నప్పుడు రక్తంలోకి వచ్చి బిడ్డకి చేరగలదు. పిల్లవాడు పాలిపోతాడు, కడుపునొప్పి అంటాడు, విరేచనం కాదు, చదువులో వెనకబడతాడు. మనం నులిపురుగులనుకుంటాం, లేదా బద్ధకమనుకుని నాలుగు తగిలిస్తాం. మెక్సికోలో సీసపు పూత పాత్రల్లో వండుకునే అలవాటు తరతరాలుగా ఉంది. అక్కడి పిల్లల రక్తంలో సీసం చేరడానికి అదొక ముఖ్య కారణమని పరిశోధనలు తేల్చాయి.

అందుచేత వంటకి పూత లేని పాత్ర కొనండి. పూత ఉన్నదే కావాలంటే, అమ్మేవారిని ఎన్ని డిగ్రీల్లో కాల్చారో, సీసం, కాడ్మియం పరీక్ష చేయించారో లేదో రాసి అడగండి. పరీక్ష సులువైనదే. 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పాత్రలో పోసి 24 గంటలు ఉంచి, అందులోకి ఎంత దిగిందో లాబరేటరీలో కొలుస్తారు. ‘సీసం లేదు’ అన్న చీటీ ఒక్కటే చూసి నమ్మకండి. చేత్తో చేసేవారికి ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. తన పని తెలిసినవాడు సంతోషంగా జవాబిస్తాడు.

ఇప్పుడు మీలో కొందరు కొనడంతో ఆగక, సారె నేర్చుకుని, కప్పులూ గిన్నెలూ చేసి ఇంటి నుంచే ఫోనులో అమ్ముతున్నారు. మంచి వ్యాపకం. మీకు వేరే ప్రమాదం ఉంది. ఎండిన మట్టి దుమ్ములో, గ్లేజు పొడిలో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ వస్తుంది. ఆ జబ్బుని వెనక్కి తిప్పే మందు లేదు. కాబట్టి చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. పొడులు కలిపేటప్పుడు మామూలు గుడ్డ కాదు, ఎన్-95 మాస్కు కట్టండి. వంటింటి గట్టు మీద గ్లేజు కలపడం, పడకగది పక్కన కొలిమి పెట్టడం అసలే కూడదు. పని బట్టలతో పసివాణ్ణి ఎత్తుకోవద్దు.

మెరిసే చట్టిలో ఇప్పటికే చాలాకాలంగా వండుతూ ఉంటే, ముందు వాడకం ఆపండి. చిన్నపిల్లలున్నా, ఇంట్లో గర్భిణి ఉన్నా డాక్టరుకి చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. అమెరికాలో 2021 నుంచి పిల్లల రక్తంలో డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని లెక్క పెట్టుకున్నారు. అనుమానం ఉన్న చట్టిలో మనీప్లాంటు పెట్టుకోండి. పనిమనిషికి మాత్రం ఇచ్చెయ్యకండి, ఆమె ఇంట్లోనూ పిల్లలున్నారు.